అద్దాల బీరువాలో బూట్లు

నా చెల్లెలు రాహేలు నడిచిందని అచ్చులో పడిన సంగతి మాకు తెలిసిన రోజున, అది మా వసారాలో రెండు చేతులూ నేలకి ఆనించి, ఒళ్ళు ఈడ్చుకుంటూ నీళ్ళకుండ దగ్గరికి పోతోంది. దానికి ఆరేళ్ళు. దాహమైతే ఎవరినీ అడగదు. ముంత ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ అలాగే జరుగుతూ తన చాప మీదికి వస్తుంది. సగం నీళ్ళు లంగా మీదే పోతాయి.

ఆ కాగితం తెచ్చింది మా చర్చి సంఘం అయ్యగారు ప్రభుదాసుగారు. రేపల్లెలో ఎవరో ఇచ్చారట. సైకిలు గోడకి ఆనించి, "కొండమ్మా, నీ కూతురు పేరు అచ్చులో పడింది. మన సంఘానికే ఘనత," అన్నారు. అమ్మ చేతిలోని చేట పక్కన పెట్టి తలమీద కొంగు కప్పుకుంది. నాన్న పొలం పనికి పోయాడు. అయ్యగారు కళ్ళజోడు మర్చిపోయి వచ్చారు కాబట్టి కాగితం నాకిచ్చారు.

"చదువు దేవకుమారీ. కాస్త గట్టిగా చదువు. నీ గొంతు నీకే వినపడదు."

అది బాపట్లలో శిశు కరుణాసదనం అనే పిల్లల ఆసుపత్రి వాళ్ళు నెలనెలా వేసే పత్రిక. నాలుగు పేజీలు. తెనాలిలో అచ్చవుతుంది. సదనంలో బాగైన పిల్లల కథలు, వాళ్ళ అమ్మానాన్నల కృతజ్ఞతలు, చివరి పేజీలో దాతల పేర్లు ఉంటాయి. రెండో పేజీలో 'చిన్నారి రాహేలు విజయం' అని ఉంది. నేను చదివాను.

"లేచి నిలబడలేని స్థితిలో మా వద్దకు వచ్చిన రాహేలు నేడు తన ఇనుప బూట్లను సైతం ఇక్కడే విడిచిపెట్టి, తల్లి చెయ్యి పట్టుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళినది. ఆ బూట్లను దాతల సందర్శనార్థం మా ఆఫీసులో అద్దాల బీరువాలో ఉంచినాము. ఫిబ్రవరి ఇరవై ఐదు ఆదివారం దాతల దినము. అందరూ రావలెనని ప్రార్థన."

చదవడం అయిపోయింది. రాహేలు ముంత ఒళ్ళో పెట్టుకుని మా ముందు నుంచే జరుగుతూ పోయింది. అయ్యగారు దాన్ని చూశారు. తర్వాత కాగితాన్ని చూశారు.

"మరి ఇదేంటి," అన్నారు.

అమ్మ మాత్రం ఒక్క మాట పట్టుకుంది.

"బూట్లు వచ్చాయంటనా?"

మూడు వారాలుగా మేము ఎదురుచూస్తున్నది ఆ బూట్ల కోసమే. రాహేలుకి మూడో ఏట జ్వరం వచ్చి కుడికాలు పడిపోయింది. తర్వాత మోకాలు వంగి అలాగే బిగుసుకుపోయింది. పోయిన నవంబరులో, అంటే 1967లో, సదనంలో చేర్చాం. వారం వారం కాలు కొద్దికొద్దిగా సాగదీసి కొత్త పిండికట్టు వేసేవాళ్ళు. అది పెట్టే కేక వినలేక నేను వరండా చివరకి పోయి నిలబడేదాన్ని. అమ్మ మాత్రం దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

డిసెంబరులో గుంటూరు నుంచి బూట్లు చేసే మనిషి వచ్చాడు. నేలమీద కాగితం పరిచి, దానిమీద రాహేలు పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీశాడు. తొడ నుంచి మడమ దాకా టేపుతో కొలిచాడు. కుడి బూటుకి రెండు పక్కలా ఇనప కడ్డీలు, మోకాలి మీద బిగించే తోలుపట్టీ ఉంటాయని చెప్పాడు. "ఇది మీ పిల్లకి తప్ప ఇంకెవరికీ పనికిరాదమ్మా, వేరేవాళ్ళకి తొడిగితే పుళ్ళు పడతాయి," అని కూడా చెప్పాడు.

జనవరి ఆఖరున ఆఖరి పిండికట్టు తీసినప్పుడు కాలు తిన్నగా ఉంది. గురువారాల్లో గుంటూరు నుంచి వచ్చే డాక్టరుగారు అమ్మని పిలిచి, "బూట్లు వారంలో వస్తాయి. ఆఫీసు వాళ్ళు కార్డు రాస్తారు. అందగానే తీసుకురండి. ఆలస్యమైతే మోకాలు మళ్ళీ వంగుతుంది," అన్నారు. మంచం ఇంకో పిల్లకి కావాలి కాబట్టి మమ్మల్ని ఇంటికి పంపారు.

ఇంటికి వచ్చిన రోజు రాహేలుని చాపమీద పడుకోబెట్టి చూశాను. మోకాలి వెనక భాగం చాపకి ఆనుతోంది. నా వేలు దూరలేదు. నేను డైరీ రాసుకునే నోటుపుస్తకంలో ఆ తేదీ వేసి 'వేలు దూరలేదు' అని రాశాను. వారం తిరిగేసరికి ఒక వేలు దూరింది. రెండో వారానికి రెండు. అయ్యగారు కాగితం తెచ్చిన రోజుకి మూడు వేళ్ళు. నాన్న రోజూ సాయంత్రం దాని మోకాలి మీద అరచెయ్యి పెట్టి కిందికి అదిమేవాడు. పోస్టుమాను మా వీధి మొదట్లోంచే సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయేవాడు.

మేము కార్డు కోసం చూస్తుంటే బూట్లు అద్దాల వెనకాల కూర్చున్నాయి.

ఆ కథలో కొంత రాసింది నేనే. అది దాచిపెట్టి మిగతా అందరి మీదా కోపం తెచ్చుకోవడం న్యాయం కాదు.

సదనంలో ఉన్న మూడు నెలలూ వార్డులో చదువు రాని తల్లులకి నేను కార్డులు రాసిపెట్టేదాన్ని. నాకు నలుగురిలో మాట పెగలదు. బళ్ళో లేచి జవాబు చెప్పమంటే తెలిసిన జవాబు కూడా మింగేసేదాన్ని. రాయడమైతే ఎంతైనా రాస్తాను. సదనం మేనేజరు పాండురంగారావుగారు ఒకరోజు నా వెనక నిలబడి చూసి, "నీ రాత ముత్యాల్లా ఉందే అమ్మాయ్. మన పత్రికకి కథలు రాసిపెట్టు. తల్లులు నాతో చెప్పనివి నీతో చెబుతారు," అన్నారు. నాకు సంతోషమే కలిగింది. ఎవరైనా నన్నొక పని అడగడం అదే మొదలు.

మొదటి కథ పక్కమంచం కుసుమకుమారిది. దుగ్గిరాల దగ్గర పల్లె. ఎనిమిదేళ్ళు. సలసల కాగే గంజి మీదపడి కుడిచెయ్యి వేళ్ళు అతుక్కుపోయాయి. ఆ పిల్ల పలకా బలపం తీసుకుని రెండు నెలల్లో ఎడంచేత్తో అక్షరాలన్నీ నేర్చుకుంది. 'క్ష' రాసిన రోజున వార్డులో మంచం మంచానికీ తీసుకెళ్ళి చూపించాం. నేను అదే రాశాను. పాండురంగారావుగారు చదివి, నుదురు చిట్లించారు.

"అంతా బాగుంది. ఎడంచెయ్యేంటమ్మా మధ్యలో? కుడిచేత్తో రాసిందని పెట్టు."

"రాయలేదండి."

"రాస్తుందిలే. ఆశ ఉండాలిగా. చదివేవాళ్ళకి కడుపు నిండాలి."

తన పెన్ను తీసి ఆయనే దిద్దారు. పత్రిక వచ్చాక కుసుమకుమారి కూడబలుక్కుని చదువుకుంది. చదివి నా దగ్గరికి వచ్చి, "అక్కా, నా ఎడంచెయ్యి ఏం తప్పు చేసింది?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోగా తర్వాతి నెల కథ కూడా రాసిచ్చాను. ఆ తర్వాతి కథ మా రాహేలుది.

అది రాయడానికి మా అమ్మ సాక్ష్యం కారణం. జనవరిలో మా ఊళ్ళో కోతపండుగ జరిగింది. ఆ రోజు సంఘంలో అందరూ పండినవి తెచ్చి బల్ల దగ్గర పెట్టి, దేవుడు తమకి చేసిన మేలు లేచి చెబుతారు. అమ్మ ఒక్కరోజుకని బాపట్ల నుంచి వెళ్ళింది. మా పాదుకి కాసిన గుమ్మడికాయ పెట్టి, "నా బిడ్డ నడిచింది, దేవునికి స్తోత్రం," అని చెప్పింది. ఆ గడియకి నా చెల్లెలు ఇక్కడ సదనంలో తొడదాకా పిండికట్టుతో మంచంమీద ఉంది. ఆ సంగతి సంఘంలో పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా అందరూ ఆమేన్ అన్నారు. అందులో అబద్ధం ఎవరికీ కనపడలేదు. అడిగి, ఇస్తే చూద్దామని కూర్చోవడం నమ్మకం కాదని అమ్మ అంటుంది. ఇచ్చేశాడని ముందే స్తోత్రం చెప్పాలట. మా వాళ్ళలో చాలామంది అలాగే చెబుతారు. వాన పడకముందే వానకి స్తోత్రం చెబుతారు.

నేను ఇదంతా ఉన్నదున్నట్టు రాశాను. అమ్మ ముందే స్తోత్రం చెప్పిందని, రాహేలు ఇంకా పిండికట్టులోనే ఉందని, బూట్లు రావలసి ఉందని, అవి వచ్చాక నడక నేర్చుకోవడానికి ఇంకా ఎన్నో నెలలు పడుతుందని చివరి పది వరసల్లో రాశాను. ఆ పది వరసలూ పత్రికలో లేవు. వాటి బదులు అద్దాల బీరువా వచ్చి చేరింది.

సాయంత్రం నాన్న పనినుంచి వచ్చాక మళ్ళీ చదివి వినిపించాను. ఆయన కాళ్ళు కడుక్కోకుండా గుమ్మంలోనే కూర్చుని విన్నాడు.

"కార్డు రాయడం మర్చిపోయి ఉంటారులే," అన్నాడు.

"పత్రికలో వెయ్యడం మర్చిపోలేదుగా," అంది అమ్మ.

"మూణ్ణెల్లు ఆళ్ళ అన్నం తిన్నామే. ఇప్పుడు పోయి ఆళ్ళమీద పడితే ఏం బాగుంటది? పెద్దోళ్ళు."

"ఎవరి మీదా పడను. బూట్లిమ్మని అడుగుతా."

నాన్న మెత్తని మనిషి. తిన్న అన్నం మర్చిపోడు. కానీ అన్నం పెట్టినందుకు కాలు కూడా ఇచ్చెయ్యాలా? ఆ మాట పైకి అనలేక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ పేజీలో పెన్ను కాగితాన్ని చింపింది.

దాతల దినానే వెళ్ళాలని అమ్మ పట్టుబట్టింది. ఆ రోజైతే మేనేజరుగారు ఊళ్ళో లేరని ఎవరూ చెప్పలేరంది. అయ్యగారు వచ్చి, "ఆదివారం ఆరాధన మానేస్తావా కొండమ్మా?" అంటే, "నా సాక్ష్యం పని మీదే పోతున్నానయ్యగారూ," అంది. ఆయన పోయేటప్పుడు రాహేలు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, నా చేతిలో ఆ పత్రిక పెట్టారు.

"ఇది పారెయ్యకు. పట్టుకుపో."

తెల్లారగట్ల రేపల్లెలో రైలెక్కాం. రాహేలుని అమ్మ చంకనెత్తుకుంది. తెనాలిలో దిగి బాపట్ల బండి కోసం కూర్చున్నప్పుడు పక్కన వేరుశెనక్కాయలు అమ్మే ముసలమ్మ, "అంత పిల్లని మోస్తావేంటే అమ్మా, దింపు. కాళ్ళు లేవా దానికి?" అంది. రాహేలు పరికిణీ పైకి లాగి కాలు చూపించింది. ముసలమ్మ నాలిక కరుచుకుని దాని దోసిట్లో గుప్పెడు కాయలు పోసింది.

కాయలు వలుచుకుంటూ రాహేలు నన్నడిగింది. "అక్కా, పేపర్లో నేను నడిచానంటగా. ఎక్కడిదాకా నడిచాను?"

"ఇంటిదాకా."

"బాపట్ల కాడ నుంచా?"

"ఆ."

ఇంకో కాయ వలిచింది. "అయితే కాళ్ళు నొప్పెట్టి ఉంటాయి," అంది. అమ్మ మొహం అటు తిప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు కనపడలేదు.

మేము చేరేసరికి సదనం ముందు మామిడాకుల తోరణాలు కట్టారు. జట్కాలు, రెండు కార్లు ఉన్నాయి. వరండాలో పదిహేనుమంది దాకా పెద్దమనుషులు కాఫీలు తాగుతున్నారు. పిల్లలకి ఉతికిన గౌనులు తొడిగి మంచాలమీద వరసగా కూర్చోబెట్టారు. పాండురంగారావుగారు మమ్మల్ని గేటు దగ్గరే చూశారు. నవ్వుతూనే గబగబా ఎదురొచ్చారు.

"ఏమ్మా కొండమ్మా, కబురన్నా పెట్టకుండా వచ్చావేంటి?"

"మీ కబురు కోసమే చూశామండి. బూట్లు వచ్చాయంట."

"వచ్చాయమ్మా. ఎక్కడికి పోతాయి? ఇవాళ ఒక్కరోజు ఆగు. రేపట్నుంచి అవి నీవే. అవి చూసి వీళ్ళిచ్చే దాంతో ఇంకో నలుగురు పిల్లలకి బూట్లు చేయిస్తాం. నీకూ పుణ్యమేగా?"

"డాక్టరుగారు ఆలస్యం కూడదన్నారండి."

"నెల్లాళ్ళకి కొంప మునిగిపోదులే. వెనక వరండాలో కూచోండి, పులిహోర పెట్టిస్తాను. పిల్లని ఇటు రానివ్వకండి."

అమ్మ నావైపు చూసింది. మేము వెనక వరండాకి పోయి కూర్చున్నాం. అక్కడ అచ్చమ్మ సిస్టరు ఎదురైంది. రాహేలు పిండికట్లన్నీ వేసిన నర్సు ఆవిడే. పిల్లని చూడగానే మాట్లాడకుండా బల్లమీద పడుకోబెట్టి, మోకాలి కింద చెయ్యి పెట్టింది. నేను రోజూ ఎలా కొలిచానో అలాగే.

"మూడు వేళ్ళండి," అన్నాను నేను.

"నువ్వు కొలిచావా?"

తలూపాను. ఆవిడ గొంతు తగ్గించింది. "నేను అడిగానమ్మా, కార్డు రాశారా అని. రిజిస్టరులో దీని పేరు ఎదురుగా 'స్వస్థత, ఇంటికి' అని రాసేశారు. పత్రికలో నడిచిందని వేసి రిజిస్టరులో నడవలేదని ఎట్లా ఉంచుతాం అన్నారు. నాకు ఇంట్లో నలుగురు తినేవాళ్ళున్నారు. నోరు మూసుకున్నాను."

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. కుసుమకుమారి అడిగినప్పుడు నేను చేసిందీ అదే. ఒక పిల్ల కాలుని చూసి పత్రిక దిద్దుకోవాలి గాని, పత్రికని చూసి కాలు దిద్దుతారా? ముందు పత్రిక, తర్వాత రిజిస్టరు, ఆ తర్వాత మేనేజరుగారి మాట, వీటన్నిటికీ కింద ఎక్కడో మా రాహేలు మోకాలు. లేచి ఆఫీసు గదిలోకి నడిచాను.

బీరువా తలుపుకి తాళంచెవి వేలాడుతోంది. లోపల ఎర్రబట్ట పరిచి, బూట్ల జత పెట్టారు. నల్లతోలు మెరుస్తోంది. ముందు అట్టముక్కమీద 'రాహేలు విడిచిన బూట్లు' అని రంగుల సిరాతో రాసి ఉంది. గదిలో ముగ్గురు నలుగురు దాతలు గోడమీది ఫోటోలు చూస్తున్నారు. నేను తలుపు తెరిచి బూట్లు రెండూ తీసి గుండెకి ఆనించుకున్నాను. కుడిది చాలా బరువు.

"ఏయ్ అమ్మాయ్, ఏంటది? ముట్టుకోకూడదు," అన్నారెవరో.

బూట్లు ఇంకా గట్టిగా అదుముకున్నాను. తెల్లపంచె కట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, నా చేతిలోంచి కుడిబూటు తీసుకున్నారు. దుగ్గిరాల పసుపు రైతు వెంకటప్పయ్యగారు. ప్రతి దాతల దినానా ఆయన పేరే మొదట చదువుతారు. బూటుని వెలుతురుకి పట్టుకుని, తిరగేసి, అడుగుభాగం మీద బొటనవేలు రాశారు. తోలు మడిచి చూశారు. తర్వాత గుమ్మంవైపు తిరిగి పిలిచారు.

"పాండురంగారావ్, ఇటు రావయ్యా."

మేనేజరుగారు వచ్చారు. నన్ను, తెరిచిన బీరువాని చూసి ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఈ పిల్ల గాల్లో నడిచిందా?" అన్నారు వెంకటప్పయ్యగారు.

"అదేంటండి బాబాయిగారూ?"

"అడుగున మట్టి లేదు. తోలు మడత పడలేదు. మా మనవడు కొత్త చెప్పులేసుకుని గడప దాటితే చాలు, అడుగున గీత పడుద్ది. నేలమీద ఆనని బూటుని అద్దాల్లో పెడతారా?"

"తుడిపించి పెట్టామండి."

"గీత తుడిస్తే పోద్దా?"

అందరూ నావైపు చూశారు. నేను నేలచూపులు చూస్తూ చెప్పాను. "ఇవి మా చెల్లివండి. ఇంకా తొడగలేదండి."

ఆ రెండు మాటలకి నాకు ఊపిరి అయిపోయింది. నా చేతిలో నలిగిన పత్రిక ఆయనకిచ్చాను. అప్పటికి అమ్మ రాహేలుని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. వెనక అచ్చమ్మ సిస్టరు ఉంది.

పాండురంగారావుగారి మొహం ఎర్రబడింది. "మేము కల్పించింది కాదండి. ఈవిడే వాళ్ళ సంఘంలో అందరి ముందూ లేచి, నా బిడ్డ నడిచిందని చెప్పింది. ఈ పిల్లే రాసిచ్చింది. కాగితం నా దగ్గరుంది. ఏమ్మా కొండమ్మా, చెప్పావా లేదా?"

"చెప్పానండి," అంది అమ్మ. "దేవుడికి చెప్పానండి. మీకు చెప్పలేదు."

అమ్మ ముందుకొచ్చి రాహేలుని బల్లమీద కూర్చోబెట్టింది.

"నడిపిస్తాడని నమ్మి ముందే స్తోత్రం చెప్పానండి. ఆ మాట ఆయన నిలబెట్టాలనే కదా బూట్లు పంపాడు. మీరు మధ్యలో తీసి బీరువాలో పెట్టారు."

అచ్చమ్మ సిస్టరు ఎవరి అనుమతీ అడగలేదు. బూట్లు తీసుకుని మోకాళ్ళమీద కూర్చుంది. ఎడమ బూటు తొడిగింది. కుడి పాదం కూడా బూటులోకి సరిగ్గా దిగింది, గుంటూరు మనిషి పెన్సిలుతో గీసినట్టే. కడ్డీలు తొడ పక్కల నిలబడ్డాయి. మోకాలి పట్టీ లాగింది. పట్టీకి ఐదు చిల్లులున్నాయి. ఆఖరి చిల్లు కూడా బకులుకి అందలేదు. ఇంకొంచెం లాగేసరికి రాహేలు కేకపెట్టింది.

ఆవిడ పట్టీ వదిలేసింది. "నేను లాగనండి," అంది లేచి నిలబడి. "బలవంతంగా బిగిస్తే చర్మం చిట్లుద్ది. బూట్లు వచ్చిన రోజున తొడిగితే మూడో చిల్లుకి సరిపోయేది. ఇప్పుడు మళ్ళీ పిండికట్టు వెయ్యాలి."

"నెల్లాళ్ళకి కొంప మునిగిపోదన్నారండి," అంది అమ్మ. ఎవరన్నారో చెప్పలేదు. అవసరం లేకపోయింది.

వెంకటప్పయ్యగారు అట్టముక్క తీసి, చదివి, బోర్లా పెట్టారు. "మంచం ఖాళీ ఉందా?" అని అడిగారు.

"లేదండి, అన్నీ..." అన్నారు మేనేజరుగారు.

"ఈ ఆఫీసులో వేయించు. బీరువా బయటపెట్టి ఆ చోట్లో వేయించు."

ఆయన మంచివారని నేను అనను. అంతకుముందు నెలలన్నీ ఆ కథలు చదివి కడుపు నింపుకున్నవాళ్ళలో ఆయన కూడా ఒకరు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఏదో ఒక పిల్లని పిలిచి, ఏ చేత్తో రాస్తున్నావమ్మా అని అడిగారా? కానీ బూటు తిరగేసి చూసింది ఆ గదిలో ఆయనొక్కరే. అది కూడా ఇక్కడ రాయాలి.

ఆ రోజు నుంచి రాహేలు మళ్ళీ సదనంలో ఉంది. బీరువా బయటపెట్టలేదు గాని, వార్డులోనే గోడవార మంచం దొరికింది. గురువారం డాక్టరుగారు వచ్చి మోకాలు చూశారు. రిజిస్టరు తెప్పించుకుని, 'స్వస్థత' అన్న మాట కొట్టేసి సంతకం పెట్టారు. మళ్ళీ సాగదీశారు, మళ్ళీ పిండికట్టు వేశారు. ఈసారి నేను వరండా చివరకి పోలేదు. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అది నా వేళ్ళు విరిగేలా నొక్కింది. పడనవసరం లేని నొప్పి అది. ఎవరో నాలుగు వరసలు అందంగా రాసుకున్నందుకు ఆరేళ్ళ పిల్ల రెండోసారి పడిన నొప్పి.

పాండురంగారావుగారు ఆ రెండు వారాలూ వార్డులోకి వచ్చినా మా మంచం వైపు చూడలేదు. బూట్లు మాత్రం మంచం కిందే ఉన్నాయి. రాహేలు రోజూ తలవంచి, ఉన్నాయో లేదో చూసుకునేది. కుసుమకుమారి ఎడంచేత్తో పలకమీద 'రాహేలు బూట్లు, ఎవరూ తీయరాదు' అని రాసి వాటికి ఆనించింది.

మార్చి పద్నాలుగున పిండికట్టు తీశారు. బూట్లు తొడిగారు. పట్టీ నాలుగో చిల్లుకి బిగిసింది. రాహేలు మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఎంత పొడుగైందో మాకు అప్పుడే తెలిసింది. దాని తల అమ్మ నడుం దాటింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాహేలు మంచం అంచు పట్టుకుని కుడికాలు నడుంతో విసిరింది. ఒకటి. ఇంకోసారి విసిరింది. అలా నాలుగు అడుగులు వేసి మంచంమీద కూలబడింది. చెమటలు కారుతున్నాయి.

సాయంత్రం పాండురంగారావుగారు కాగితాలు, పెన్ను పట్టుకుని వచ్చారు. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అయిందేదో అయింది. ఇప్పుడు నిజంగానే నడిచిందిగా అమ్మాయ్. రాయి మరి. ఈసారి ఒక్క అక్షరం మార్చను. నా మాట."

నేను పెన్ను తీసుకున్నాను. రెండు వాక్యాలు రాసి ఇచ్చాను. 'రాహేలు మార్చి పద్నాలుగున ఇనుప బూట్లు తొడుక్కుని, మంచం పట్టుకుని, నాలుగు అడుగులు వేసింది. ఈ అడుగులు ఐదు వారాల కిందటే వేయవలసింది, బూట్లను బీరువాలో పెట్టడం వల్ల వేయలేదు.'

ఆయన చదివి, రెండో వాక్యం మీద వేలు పెట్టారు.

"ఈ రెండో ముక్క ఎందుకమ్మా? మొదటిది చాలదా? ఎంత ఆశగా ఉంది."

"ఒక్క అక్షరం మార్చనన్నారండి."

"అన్నాననుకో."

"రెండోది తీసేస్తే మొదటిది కూడా ఇవ్వనండి."

అది నా గొంతేనా అనిపించింది. ఆయన కాగితం మడిచి, జేబులో పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు. వేస్తారో లేదో నాకు తెలియదు. వెయ్యకపోతే ఇదిగో, ఈ నోటుపుస్తకంలో మొత్తం ఉంది. కుసుమకుమారి ఎడంచెయ్యితో సహా ఉంది.

ఇంతలో రాహేలు నా జడ పట్టుకు లాగింది. కుడికాలు మంచంమీదికి ఎత్తించుకుని, బూటు అడుగు తనవైపు తిప్పుకుని చూస్తోంది.

"అక్కా, మట్టయిందా? గీత పడిందా?"

వంగి చూశాను. వార్డు నేల సిమెంటు గచ్చు. ఆయా పూటపూటా తుడుస్తుంది. బూటు అడుగు అద్దంలాగే ఉంది.

"ఇంకా లేదే," అన్నాను.

"ఇక్కడ మట్టి లేదుగా మరి. బయటికి తీసుకుపో," అని, అది నా భుజంమీద చెయ్యి వేసింది.